కొండల్లేని కోనసీమకి మౌంటెన్ బైకులెందుకు? ఏటిగట్టు మీద నాలుగు రోజులు

డిసెంబర్ చివర్లో మేం ఐదుగురం కలిసి రాజమండ్రి నుంచి నరసాపురం దాకా సైకిళ్ళేసుకుని వెళ్ళొచ్చాం, నాలుగు పగళ్ళు మూడు రాత్రులు, మీటర్లో మొత్తం 185 చిల్లర కిలోమీటర్లు. చెప్పిన ప్రతివాళ్ళూ ఒకటే ప్రశ్న, కోనసీమలో కొండలే లేవు కదా, అరచేయిలా ఉండే ఊళ్ళకి మౌంటెన్ బైకులు దేనికీ అని. నిజమే, ఎత్తు అంటే ఏటిగట్టు ఎక్కడమే. కానీ ఆ ఏటిగట్టు కోసమే ఆ సైకిళ్ళు కావాలి. గట్టు మీద కొంతదూరం తారు, తర్వాత కంకర, ఆ తర్వాత వానకి ట్రాక్టర్ చక్రాలు దిగబడి ఎండిపోయిన ఒండ్రుమట్టి, మధ్యమధ్యలో ఇసక. సన్న టైర్ల రోడ్ బైకు వేసుకెళ్తే సగం దూరం తోసుకోవాలి. రోడ్డు మీద వెళ్తే కోనసీమ అంటే బస్సులూ లారీలూ ఫ్లెక్సీలూ, అదే గట్టెక్కితే ఒక పక్క ఏరు, ఇంకో పక్క కింద కొబ్బరి తలలు మన కళ్ళ ఎత్తులో, హారన్ అనేది వినపడదు. నా మటుకు నాకు ఈ ట్రిప్పులో దొరికింది అదే.

మొదటి రోజు తెల్లారి ఐదున్నరకే ధవళేశ్వరం చేరాం, ఎందుకంటే బ్యారేజీ మీద రోడ్డు ఇరుకు, ఏడు దాటితే సైకిల్‌కి చోటుండదు. మంచులో లైట్లేసుకుని దాటాం. కాటన్ మ్యూజియం ఆ వేళకి తెరవరు, అది చూడాలంటే ముందు రోజు సాయంత్రమే వచ్చి చూసుకోండి. 1847లో మొదలెట్టి 1852కి పాత ఆనకట్ట కట్టించాడు ఈ కాటన్ దొర, ఇప్పటికీ ఈ ఊళ్ళల్లో కాలవ పక్కన ఆయన విగ్రహం కనపడని రోజు లేదు మాకు. మాలో లెక్చరర్ ఒకడున్నాడు, విగ్రహం కనపడ్డ ప్రతిచోటా ఆగి దణ్ణం పెట్టుకున్నాడు, వాళ్ళ తాతగారిది ఆ కాలవ కింద రెండెకరాల మాగాణి అంట.

బొబ్బర్లంక నుంచి ఆత్రేయపురం వైపు కాలవ పక్కనే రోడ్డు, అబ్బ, ఆ గంటన్నర మాత్రం మాటల్లో చెప్పలేను. నిండు కాలవ, దాళ్వాకి, అంటే రెండో పంట వరికి నీళ్ళు వదిలారు, నారుమళ్ళు అప్పుడే పచ్చబడుతున్నాయి. ఆత్రేయపురంలో పూతరేకులు తిన్నాం, 2023లో జీఐ ట్యాగ్ వచ్చాక షాపులు బాగా పెరిగాయి, రోడ్డు మీద బోర్డులున్న పెద్ద షాపుల కంటే లోపల ఇళ్ళల్లో కుండ మీద రేకు తీస్తున్న చోట అడిగి తీసుకుంటే తేడా నాలిక్కే తెలుస్తుంది. బెల్లం నెయ్యివి తీసుకోండి, డ్రైఫ్రూట్స్‌వి ఆ రేకు రుచిని మింగేస్తాయి. బ్యాగులో పెడితే మాత్రం గట్టు కుదుపులకి పొడి అయిపోతాయి, మాకు అయ్యాయి.

తర్వాత లొల్ల లాకులు. పడవలు తిరిగిన రోజుల్లో పై కాలవ నీటిమట్టానికీ కింద కాలవ మట్టానికీ ఉన్న తేడా దాటించడానికి కట్టినవి, పడవని లోపలికి తెచ్చి తలుపులు మూసి నీళ్ళు నింపితే పడవ పైకి లేస్తుంది, వదిలితే దిగుతుంది. అక్కడ చెట్ల కింద పడుకున్న అరగంట నిద్ర ఏ రిసార్టులోనూ రాదు. ర్యాలిలో జగన్మోహినీ కేశవస్వామి గుడి చూసుకున్నాం, ఒకటే శిల, ముందు విష్ణువు వెనక మోహిని, వెనక జుట్టు ముడి కూడా చెక్కారు. శనివారం అయితే వాడపల్లి వైపు వెళ్ళకండి, ఏడు వారాల మొక్కు జనంతో రోడ్డంతా నిండిపోయి ఉంటుంది. రావులపాలెం, కొత్తపేట మీదుగా చీకటి పడ్డాక అమలాపురం.

ఇక్కడ బస గురించి కొంచెం కోపంగానే రాస్తున్నా. ఫోన్‌లో మూడుసార్లు అడిగాం, సైకిళ్ళు లోపల పెట్టుకోవచ్చా అని, పెట్టుకోండి సార్ అన్నారు. తీరా వెళ్తే రిసెప్షన్‌లో అబ్బాయి "పార్కింగ్‌లో పెట్టుకోండండి, ఏం పోవు" అన్నాడు. పార్కింగంటే గేటు లేని ఖాళీ స్థలం. అరగంట వాదించాక జనరేటర్ గదిలో పెట్టనిచ్చారు, డీజిల్ మరకలతో సహా. గది బానే ఉంది, వేడినీళ్ళొచ్చాయి, ఇద్దరికి 1,600, కానీ సైకిల్ వాళ్ళకి బస అంటే ముందు సైకిల్ ఎక్కడ పడుకుంటుందో చూసుకోవాలి, మనం ఎక్కడైనా పడుకుంటాం. అక్కడ ఇంకో రాత్రి అంటే మాలో ఉన్న డాక్టర్ గారు అయితే చచ్చినా రానన్నాడు.

రెండో రోజు పొద్దున్నే అంబాజీపేట, పొట్టిక్కల కోసం. పనసాకులు పుల్లలతో బుట్టలా కుట్టి అందులో ఇడ్లీ పిండి పోసి ఆవిరి పెడతారు, ఆ ఆకు వాసన పిండికి పడుతుంది. వేడిగా ఉండగానే తినాలి, అల్లప్పచ్చడితో. ఐదుగురం ఎన్ని తిన్నామో లెక్కపెట్టలేదు గానీ 300 లోపే అయ్యింది. ఊరంతా కొబ్బరి లారీలు, పీచు వాసన.

అక్కణ్ణించి పి.గన్నవరం అక్విడక్టు. నన్ను ఈ ట్రిప్పంతటిలో నిలబెట్టేసింది ఇదే. కింద గోదావరి పాయ వైనతేయ పోతుంటే దాని మీద నుంచి వంతెనలా ఒక కాలవని అవతలి లంకకి దాటించారు, ఆ పాతదానికి 49 కమాన్లు, కాటన్ నాటిది, ఇప్పుడు నీళ్ళు వెళ్ళేది పక్కన కట్టిన కొత్తదాన్లోంచి. నీటి మీద నీళ్ళు నడవడం చూస్తూ మేం ఎవ్వరం మాట్లాడలేదు కాసేపు. అక్కడ ఒక్క చెత్తబుట్ట కూడా లేదు, ప్లాస్టిక్ గ్లాసులు మాత్రం ఉన్నాయి బోలెడు, అది చూస్తే కడుపు మండింది.

వంతెన దాటాక వైనతేయ పడమటి గట్టు పట్టుకుని కిందికి దిగాం, అసలు మౌంటెన్ బైకింగ్ అంటే అక్కడే. టైర్లలో గాలి 30 పీఎస్ఐకి తగ్గించుకుంటే ఇసకలో పట్టు దొరుకుతుంది, నలభై దాటితే ముందు చక్రం పక్కకి లాగేస్తుంది. ఇంకో సంగతి, గట్టు మీద సర్కారు తుమ్మ ముళ్ళు. ట్యూబ్‌లెస్ వేసుకున్న ముగ్గురికి ఏమీ కాలేదు, ట్యూబులున్న ఇద్దరికి కలిపి నాలుగు పంక్చర్లు. ఊళ్ళో సైకిల్ షాపు పెద్దాయన ప్యాచ్ వేసి పది నిమిషాల్లో ఇచ్చేశాడు, కానీ మా సైకిళ్ళకుండే సన్న ప్రెస్టా వాల్వ్‌కి ఆయన పంపు పట్టదు, 29 సైజు ట్యూబు ఈ వైపు ఎక్కడా దొరకదు. చిన్న అడాప్టరూ రెండు స్పేర్ ట్యూబులూ లేకుండా రాకండి. మా బావ సైకిల్ అద్దెకి తెచ్చుకున్నాడు, రోజుకి 500, బ్రేక్ ప్యాడ్లు అరిగిపోయి ఇనుము తగులుతోంది, ఇచ్చేముందు చూడను కూడా చూడలేదు వాళ్ళు. అద్దెకి తీసుకుంటే ప్యాడ్లు మీరే విప్పించి చూసుకోండి, సిగ్గుపడకండి.

అప్పనపల్లి బాలబాలాజీ గుడికి మధ్యాహ్నం అన్నదానం వేళకి అందుకున్నాం, చెమటా దుమ్ముతో ఉన్నా ఎవరూ ఏమీ అనలేదు, కాళ్ళు కడుక్కుని కూర్చోమన్నారు. ఏటి గాలి తగులుతూ పప్పు, కూర, సాంబారు, మజ్జిగ.

ఆ రాత్రి బస ఒక లంకలో, లెక్చరర్‌కి దూరపు చుట్టం ఎవరో చెప్పిన ఇల్లు, పెంకుటిల్లు, వెనక రెండు గదులు వచ్చేపోయేవాళ్ళకి ఇస్తున్నారు. మనిషికి భోజనాలతో కలిపి 900. సైకిళ్ళు చూడగానే ఆ ఇంటి పెద్దావిడ "లోపలెట్టండి బాబూ, మంచు పడద్ది" అని వసారాలోకి తెప్పించి, గోనెసంచులు పరిచి మరీ పెట్టించింది. అప్పుడే అనుకున్నా, మా ట్రిప్పులో బెస్ట్ బస ఇదేనని. బాత్రూం బయట, వేడినీళ్ళు కాగులో కాచినవి, దోమలు ఉన్నాయి, తెర కట్టారు. పనసపొట్టు ఆవకూర, రొయ్యలిగురు, గడ్డపెరుగు. గోడ మీద మన భుజం ఎత్తులో ఒక గీత ఉంది, 1986 గోదావరి వరద నీళ్ళు అక్కడిదాకా వచ్చాయంట. తొంభై ఆరు నవంబర్ తుఫానుకి తోటలో కొబ్బరిచెట్లు వరసగా పడుకున్నాయని, మళ్ళీ మొక్కనాటి కాపు చూసేసరికి పిల్లల పెళ్ళిళ్ళయిపోయాయని చెప్పింది. 1995లో పాశర్లపూడిలో గ్యాస్ బావి పేలి మంటలెగసిన బ్లోఅవుట్ అప్పుడు 65 రోజులు మంట, రాత్రుళ్ళు దీపం అక్కర్లేకుండా వెలుతురు ఉండేదంట. అంత చూసిన మనిషి మా పంక్చర్ల గురించి జాలిపడుతుంటే ఏం మాట్లాడాలో తెలీలేదు.

మూడో రోజు పెద్దగా రాయడానికి లేదు. ఆదుర్రులో బౌద్ధ స్తూపం దిబ్బ చూశాం, చక్రం ఆకారంలో ఇటుక గోడలు, అరగంట చాలు, అక్కడ నీడ తక్కువ. తాటిపాక, రాజోలు మీదుగా దిండి. మధ్యాహ్నం రెండు దాటాక సముద్రం వైపు నుంచి గాలి లేస్తుంది, ఎదురుగాలిలో పది కిలోమీటర్లు తొక్కితే తెలుస్తుంది, డెల్టాలో ఘాట్ రోడ్డు అంటే అదే. తక్కువ గేర్లో పెట్టుకుని ఒకరి వెనక ఒకరు, ముందున్నవాణ్ణి ఐదు నిమిషాలకోసారి మార్చుకుంటూ వెళ్ళాం.

దిండిలో ఏటి ఒడ్డు రిసార్టు, గదికి 4,200. గోదావరి వసిష్ఠ పాయ మీద సూర్యాస్తమయం, ఊయల, ఏసీ, అన్నీ ఉన్నాయి. ఫ్యామిలీతో అయితే కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చు. మాకు మాత్రం భోజనం దగ్గర బాధేసింది, చుట్టూ చెరువులూ ఏరూ పెట్టుకుని మెనూలో గోబీ మంచూరియా, పన్నీర్ బటర్ మసాలా. చేపల పులుసు అడిగితే ముందు రోజే చెప్పాలన్నారు. చెప్పండి మరి, బుక్ చేసేప్పుడే చెప్పేయండి. పులస గురించి డిసెంబర్‌లో ఎవరైనా ఉందంటే నమ్మొద్దు, అది వరద నీళ్ళొచ్చే శ్రావణ భాద్రపదాల మాట. హౌస్‌బోట్ రేటు విని మేం ఎక్కలేదు.

నాలుగో రోజు అంతర్వేది. మలికిపురం, సఖినేటిపల్లి దాటాక కొబ్బరి పలచబడి సరుగుడు తోటలు మొదలవుతాయి, గాల్లో ఉప్పు తెలుస్తుంది. నరసింహస్వామి దర్శనం ఇరవై నిమిషాల్లో అయిపోయింది, మాఘంలో కల్యాణం రోజుల్లో అయితే సైకిల్ కాదు కదా చీమ కూడా దూరదు. గుడి దాటి బీచ్‌కి వెళ్ళి, పోటు తగ్గాక తడి ఇసక మీద తొక్కాం, అది గట్టిగా సిమెంటులా ఉంటుంది, పైన పొడి ఇసకలో మాత్రం అడుగు పడదు. అన్నాచెల్లెళ్ళ గట్టు దగ్గర ఏటి నీళ్ళ రంగూ సముద్రం రంగూ విడివిడిగా కనపడతాయి, అక్కడే సైకిళ్ళు పడుకోబెట్టి గంట కూర్చున్నాం. బీచ్ మీద తొక్కితే వెంటనే మంచినీళ్ళతో చైను కడిగి నూనె పెట్టుకోండి. మేం సాయంత్రానికి వాయిదా వేశాం, అప్పటికే లింకుల మీద ఎర్రగా తుప్పు మొదలైంది. ఊళ్ళో ఒక హోటలాయన బకెట్టు నీళ్ళిచ్చి తనే పాత బనీను గుడ్డ తెచ్చి తుడిచాడు.

సఖినేటిపల్లి రేవులో పంటు, అంటే బళ్ళనీ మనుషుల్నీ ఏరు దాటించే పెద్ద పడవ ఎక్కి నరసాపురం దిగాలి. కార్లు, బైకులు, గడ్డిమోపులు, పెళ్ళివాళ్ళు, మేం. సైకిల్‌కి వేరే టికెట్టు. నీళ్ళు తక్కువున్న వేళ పంటు ఆలస్యమవుద్ది, రైలుకి గంటన్నర తేడా పెట్టుకోండి, మేం నలభై నిమిషాలు ఒడ్డునే నిలబడ్డాం. వంతెన కోసం ఏళ్ళ తరబడి అడుగుతున్నారు ఇక్కడివాళ్ళు, రాత్రి ఆస్పత్రి పనిపడితే ఎంత చుట్టు తిరిగి వెళ్ళాలో పంటు మీద ఒకాయన చెప్తుంటే, మాకు అందంగా కనపడ్డ ప్రయాణం వాళ్ళకి రోజూ ఎంత కష్టమో అర్థమైంది.

నరసాపురంలో సైకిళ్ళు టాటా ఏస్‌లో వేసి రాజమండ్రి పంపించేశాం, ఐదింటికి 3,500, ముందు చక్రాలు విప్పి మధ్యలో దుప్పట్లు పెట్టి కట్టాం, గీత పడకుండా వచ్చాయి. మేం రైలెక్కాం. మనిషికి మొత్తం ఖర్చు 7,000 లోపు, అందులో సగం దిండిదే.

వచ్చే ఫిబ్రవరిలో గోదావరి ఇంకో పాయ గౌతమి వైపు వెళ్దామనుకుంటున్నాం, ముక్తేశ్వరం రేవులో పంటెక్కి కోటిపల్లి, ద్రాక్షారామం, యానాం, కోరింగ మడ అడవులు. దానికంటే ముందు ఆ లంకలో ఇంటికి ఇంకోసారి వెళ్ళాలి. ఆవిడ మేం బయల్దేరేప్పుడు కర్పూర అరటి గెల ఒకటి కోయించి, వద్దంటున్నా వినకుండా మా బావ సైకిల్ వెనక తాడేసి కట్టించింది. పచ్చి గెల, దాన్ని దిండి, అంతర్వేది, పంటు, రైలు, అన్నిటిలో మోసుకొచ్చాం. ఇప్పుడు మా వంటింట్లో వేలాడుతోంది, నిన్నటి నుంచి పై హస్తం పసుపు తిరుగుతోంది.