వారసత్వంగా వచ్చిన పాత పిస్టల్, బ్రిటన్ చట్టం: ఒక తుపాకుల వర్తకుడి పరిశీలన సేవపై సమీక్ష

మా అత్తవారు ఇంగ్లండ్‌కు చెందినవారు. మామగారి తదనంతరం ఆయన పూర్వీకుల నాటి చిన్న పిస్టల్ ఒకటి నా భార్యకు సంక్రమించింది. దానిని ఇంట్లో ఉంచుకోవడం చట్టసమ్మతమేనా అని తేల్చుకోవడానికి మేము ఒక రిజిస్టర్డ్ తుపాకుల వర్తకుడి సేవ తీసుకున్నాము. ఆయన పాత ఆయుధాలను పరీక్షించి, అవి ఏమిటో, ఏ కాలానివో, ఏ పద్ధతిలో పేలుతాయో నిర్ధారిస్తూ సంతకంతో పత్రం ఇస్తారు. దుకాణంలో ఆయుధాలు నిల్వ ఉంటాయి కనుక పేరు రాయడం లేదు, మిడ్‌లాండ్స్ ప్రాంతంలోనిదని మాత్రం చెబుతాను. ఇటువంటి సేవ నుంచి ఏమి ఆశించవచ్చో, ఏది పట్టుబట్టి అడిగి తీసుకోవాలో ఇదే పరిస్థితిలో ఉన్నవారికి తెలియాలన్నది నా ఉద్దేశం.

ఈ సేవ ఎందుకు అవసరమో అర్థం కావాలంటే చట్టం సంగతి కొంత చెప్పుకోవాలి. 1996 మార్చి 13న స్కాట్లండ్‌లోని డన్‌బ్లేన్ ప్రాథమిక పాఠశాలలో 16 మంది పిల్లలూ వారి టీచరూ కాల్పులకు బలి అయిన తరువాత, 1997లో వచ్చిన రెండు సవరణ చట్టాలు చేతి తుపాకులను దాదాపు పూర్తిగా నిషేధించాయి. నిషిద్ధ తుపాకి దగ్గర ఉన్నట్టు రుజువైతే, అసాధారణ పరిస్థితులు ఉన్నాయని కోర్టు భావిస్తే తప్ప, పెద్దవారికి కనీసం 5 ఏళ్ళ జైలుశిక్ష పడుతుంది. ఇంత కఠినమైన చట్టంలోనూ, 1968 నాటి ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ 58వ సెక్షన్ ప్రకారం, పురాతన ఆయుధాన్ని కేవలం అపురూప వస్తువుగానో అలంకారంగానో ఉంచుకునేవారికి పోలీసులు ఇచ్చే తుపాకి సర్టిఫికెట్ అవసరం లేదు. అయితే ఏది పురాతనం అన్నదానికి చట్టంలో నిర్వచనం చాలాకాలం లేదు. 2017లో అందుకు వీలు కల్పించారు, 2021 మార్చి 22 నుంచి కొత్త నిబంధనలు అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం తుపాకి 1939 సెప్టెంబరు 1కి ముందు తయారై ఉండాలి, దానితోపాటు దాని పేలుడు పద్ధతి గానీ అందులో పట్టే తూటా గానీ నిబంధనల్లో చెప్పిన రకానిదై ఉండాలి. ఎంత పాతదైనా వయసు ఒక్కటే చాలదు. కుటుంబాలు ఎక్కువగా పొరబడేది ఇక్కడే, మేము వర్తకుడికి రుసుము చెల్లించింది కూడా ఈ ఒక్క విషయం తేల్చడానికే.

సేవ మొదలైన తీరు నాకు నచ్చింది. వస్తువును వెంటనే తీసుకురమ్మని ఆయన అనలేదు, ముందు ఫొటోలు పంపమన్నారు. సుత్తి (తుపాకిలో దెబ్బ వేసే భాగం) దగ్గర నుంచి ఒకటి, గొట్టం అడుగు భాగం ఒకటి, అక్షరాలో గుర్తులో ఉన్న ప్రతి చోటా ఒకటి అని విడివిడిగా చెప్పారు. ఫొటోలలో తూటా పట్టే రివాల్వర్ లాంటిది కనిపించి ఉంటే దానిని ఇంట్లోంచి కదపవద్దనీ, 101కి ఫోన్ చేసి పోలీసుల తుపాకుల లైసెన్సింగ్ విభాగంతో మాట్లాడమనీ చెప్పేవాడినని తరువాత అన్నారు. చాలా దుకాణాలు ఈ జాగ్రత్త తీసుకుంటాయనుకోను. రిజిస్టర్డ్ వర్తకుడు అయినంత మాత్రాన నిషిద్ధ పిస్టళ్ళను తన దగ్గర పెట్టుకునే అధికారం ఆయనకు ఉండదు. దానికి ప్రభుత్వం నుంచి ప్రత్యేక అనుమతి కావాలి. కనుక పెట్టెతో సహా నేరుగా దుకాణానికి వెళ్ళిపోతే ఇద్దరూ చిక్కులో పడే అవకాశం ఉంది.

పరిశీలన మా ఎదుటే జరిగింది. పిస్టల్‌ను చేతిలోకి తీసుకుని ఆయన మొట్టమొదట చూసింది లోపల తుపాకిమందు కూరి ఉందా అని. వందేళ్ళకు పైగా కూరిన మందు అలాగే ఉండిపోయిన తుపాకులు నేటికీ దొరుకుతాయట, నల్ల తుపాకిమందు పొడిగా ఉంటే ఎన్నేళ్ళయినా అంటుకుంటుందట. మాది గొట్టం మరతిప్పి ఊడదీసే రకం. ఆయన పట్టుకారుకు తోలు చుట్టి, నూనె వేసి, తొందరపడకుండా గొట్టాన్ని విప్పి, అడుగున ఉన్న గుంతను దీపం కింద చూపించారు. అందులో బూజు పట్టిన మసి తప్ప ఏమీ లేదు. ఆ తరువాత సుత్తిని సగం ఎత్తి, టోపీ (సుత్తి దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న లోహపు మూత) పెట్టే చిన్న మొలకను చూపించి, ఈ పిస్టల్ విషయంలో చట్టం చూసేది దీన్నే అన్నారు. గొట్టం నోటి నుంచి కాకుండా వెనుక నుంచి మందు నింపే తుపాకి కనుక, గొట్టం నోటి నుంచి కూరే తుపాకులకు ఉన్న మినహాయింపు దీనికి వర్తిస్తుందా అని నాకు సందేహం కలిగింది. రిమ్‌ఫైర్ (తూటా అడుగు అంచున దెబ్బ తగిలి పేలేది) గానీ సెంటర్‌ఫైర్ (అడుగు మధ్యలో దెబ్బ తగిలి పేలేది) గానీ కాని పద్ధతిలో పేలే వెనుక నింపుడు తుపాకులు కూడా జాబితాలో ఉన్నాయనీ, టోపీతో పేలేది అందులోకి వస్తుందనీ ఆయన వివరించారు.

తరువాత గుర్తుల సంగతి. గొట్టం అడుగున కిరీటం, దాని కింద ఒకదానిమీద ఒకటి అడ్డంగా వేసిన రెండు రాజదండాలు భూతద్దంలో స్పష్టంగా కనిపించాయి. తుపాకి గొట్టాలను పరీక్షించి ముద్ర వేసే సంస్థ అయిన, 1813లో ఏర్పడిన బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ 1904 వరకు వేసిన ముద్ర ఇటువంటిదే. గుర్తు ఒక్కదానితో ఆయన సరిపెట్టుకోలేదు. మరల తీరు, చెక్క పిడి లోపలివైపు, చేతితో ఆకురాయి పట్టిన జాడలు కూడా చూశారు. ఇటలీలో ఇరవయ్యో శతాబ్దంలో తయారైన నకళ్ళ మీద నల్ల తుపాకిమందుతో చేసిన పరీక్షకు గుర్తుగా పి.ఎన్. అనే అక్షరాలు ఉంటాయనీ, అటువంటిదాన్ని తాతగారి పిస్టల్‌గా నమ్ముతున్న కుటుంబాలు ఉన్నాయనీ చెప్పారు. నమ్మకం ఇక్కడ రక్షణ కాదు. తన రివాల్వర్ పురాతనమైనదని ఒక వ్యక్తి నిజాయితీగా నమ్మినా, అది నకలు అని తేలినప్పుడు ఆ నమ్మకం చెల్లదని 1977 నాటి హౌవెల్స్ కేసులో కోర్టు స్పష్టం చేసింది. నిపుణుడి పత్రానికి విలువ రావడానికి నా దృష్టిలో కారణం ఇదే. ఆ పత్రం కూడా చట్టం ముందు తుది మాట కాదు, కానీ యజమాని తన వంతు బాధ్యతగా విచారించాడనడానికి చేతిలో ఉండే ఆధారం అది.

ఇక లోపాలు. చేతికి వచ్చిన మొదటి పత్రంలో "పాత జేబు పిస్టల్, పంతొమ్మిదో శతాబ్దం" అని మాత్రమే ఉంది. నోటితో అంత చక్కగా వివరించిన పేలుడు పద్ధతి ప్రస్తావనే లేదు. ముద్రల వివరం లేదు, ఫొటో లేదు, 2021 నిబంధనల పేరు లేదు. అటువంటి కాగితం రేపు ఇంటికి వచ్చిన పోలీసు అధికారికి ఏమి చెబుతుంది? మేము కోరిన తరువాత అన్నీ చేర్చి కొత్త పత్రం ఇచ్చారు, అదనంగా డబ్బు అడగలేదు, కానీ ఇది అడగకుండానే ఇవ్వవలసినది. రుసుము 60 పౌండ్లు, అది సమంజసమే అనిపించింది. ఆ సంగతి ముందే చెప్పకపోవడం మాత్రం బాగాలేదు.

అంతకంటే నాకు ఇబ్బంది కలిగించిన విషయం మరొకటి ఉంది. పరిశీలన ముగిసిందో లేదో, పిస్టల్‌ను తానే కొంటానని ఆయన ధర చెప్పారు. విలువ కట్టే మనిషే కొనుగోలుదారు కావడం సరికాదు. ముఖ్యంగా ఇంట్లో మనిషిని పోగొట్టుకున్నవారు, చట్టం పట్ల భయంతో వచ్చినవారు, ఆ క్షణంలో ఎంతకైనా వదిలించుకుందామనుకుంటారు. ఒత్తిడి చేయలేదన్నది నిజమే. అయినా అమ్మదలచినవారు ఆ రోజే మాట ఇవ్వకుండా, వేలం సంస్థ ఒకదాన్ని విడిగా అడగడం మంచిది.

డీయాక్టివేషన్ విషయంలో ఆయన ఇచ్చిన సలహా నిజాయితీగా ఉంది. తుపాకి ఎప్పటికీ పేలకుండా మార్పులు చేయించి, లండన్ లేదా బర్మింగ్‌హామ్ ప్రూఫ్ హౌస్ ముద్ర, పత్రం పొందే మార్గం ఉన్నా, పురాతనమని తేలిన పిస్టల్‌కు అది అనవసరమనీ, గొట్టం కోసి పూడ్చితే చారిత్రక విలువ పోతుందనీ చెప్పారు. ఆ పని చేయించి కమీషన్ తీసుకునే వీలు ఉండి కూడా వద్దన్నారు. తుప్పును ఇసుక కాగితంతో రుద్దవద్దనీ, పలుచగా నూనె రాసి ఆమ్లం లేని కాగితంలో చుట్టమనీ కూడా చెప్పారు.

మాది అదృష్టవశాత్తూ తేలికైన వ్యవహారం. పంతొమ్మిదో శతాబ్దపు, .320 రకం తూటా పట్టే రివాల్వర్ అయి ఉంటే కథ వేరు. ఆ తూటాతోపాటు .442, .41 కోల్ట్ వంటివి కలిపి ఏడు రకాలు 2021లో పురాతన జాబితాకు దూరమయ్యాయి, యజమానులకు అప్పట్లో ఇచ్చిన ఆరు నెలల గడువు ఎప్పుడో ముగిసింది. అటువంటివాటికి 1997 చట్టంలోని 7వ సెక్షన్ కింద, 1919కి ముందు తయారైనవైతే, సర్టిఫికెట్‌తో ఉంచుకునే ఇరుకైన దారి ఉంది కానీ అది పోలీసులతో తేల్చుకోవలసినది, దుకాణంలో కాదు. ఈ వర్తకుడు ఆ హద్దు తెలిసిన మనిషి. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తాతగారు తెచ్చిన రివాల్వర్ వంటివాటి గురించి ఎవరైనా ఫోన్ చేస్తే తాను చూడననీ, పోలీసులకే పంపుతాననీ అన్నారు.

సవరించిన పత్రంతోపాటు ఒక పేజీ సూచనలు కూడా ఇచ్చారు. పిస్టల్‌ను కాల్చే ఉద్దేశం ఏర్పడిన క్షణమే మినహాయింపు పోతుందనీ, అప్పుడు సర్టిఫికెట్ తప్పనిసరి అనీ అందులో మొదటి మాట. మూడు నెలలు, అంతకు మించి జైలుశిక్ష పడిన వారు తుపాకి ఉంచుకోకూడదన్న నిషేధం 2014 నుంచి పురాతన ఆయుధాలకూ వర్తిస్తుంది కనుక, ఎవరికైనా ఇచ్చే ముందు, వీలునామాలో రాసే ముందు ఆ సంగతి చూసుకోమన్నది రెండో మాట. ఉత్తర ఐర్లండ్‌కు వేరే చట్టం ఉందన్న ముఖ్యమైన విషయం మాత్రం ఆ పేజీలో లేదు. బెల్‌ఫాస్ట్‌లో ఉన్న బంధువులకు పంపాలనుకునేవారు దానిని విడిగా విచారించాలి.