అహోబిలం ఉగ్రస్తంభం నడక: స్థానిక గైడు సేవపై సమీక్ష

అహోబిలంలో, నరసింహస్వామి వెలువడిన స్తంభమని భక్తులు నమ్మే ఉగ్రస్తంభం కొండ శిఖరం దాకా ఒక్క రోజులో నడిచి రావాలనుకునేవారు అన్నింటికంటే ముందు కుదుర్చుకోవలసింది దారి తెలిసిన స్థానిక గైడునే. ఎగువ అహోబిలం ఆలయం దగ్గర మేము మాట్లాడుకున్న గైడు సేవ గురించి కాస్త వివరంగా రాయడానికి కారణం కూడా అదే. జ్వాలా నరసింహస్వామి గుహ వరకు కాలిబాట, మెట్లు ఉన్నాయి కాబట్టి రద్దీ రోజుల్లో ముందు పోయేవారి వెంట నడిచి వెళ్లవచ్చు. అక్కడి నుంచి శిఖరానికి ఎక్కే దారి మాత్రం వేరు. బండలు, చెట్ల వేళ్లు పట్టుకుని ఎక్కవలసిన ఆ నిలువు దారిలో ఎక్కడ అడుగు వేయాలో చెప్పే మనిషి పక్కన లేకపోతే కాలం, బలం రెండూ వృథా అవుతాయి.

మా గైడు వయసు పైబడిన మనిషి, మాటలు తక్కువ. తెల్లవారకముందే బయలుదేరాలని ముందు రోజు సాయంత్రమే గట్టిగా చెప్పారు. ఎండ ముదిరేలోగా జ్వాలా నరసింహస్వామి సన్నిధికి చేరుకోవాలని, మధ్యాహ్నం దాటాక శిఖరం వైపు ఎక్కడం మొదలుపెట్టకూడదని ఆయన పెట్టిన లెక్క మా ప్రణాళికకంటే ఎంతో మేలైనది. ఆలయాలన్నీ ఒకే రోజులో చుట్టి రావాలన్న మా ఆలోచనను ఆయన ఒప్పుకోలేదు. వరాహ నరసింహస్వామి, జ్వాలా నరసింహస్వామి, ఉగ్రస్తంభం, తిరుగు దారిలో మాలోల నరసింహస్వామి, ప్రహ్లాద బడి: ఒక రోజుకు ఇంతే చాలన్నారు. పావన నరసింహస్వామి క్షేత్రం అడవిలో మరో వైపు ఉంది కాబట్టి దానికి వేరే రోజు కేటాయించుకోవడమే సరైనది.

ఆయన పనితనం అసలు కనిపించింది భవనాశిని వాగు దగ్గర. వేదాద్రి, గరుడాద్రి కొండల నడుమ పారే ఈ వాగు వెంబడే దారి చాలా దూరం సాగుతుంది. వాగు దాటే ప్రతిచోటా ఆయన ముందుగా తన కర్రతో రాతిని తట్టి, అది కదలదని తేలాక దాని మీద బొటనవేలితో రుద్ది పాకుడు ఉందో లేదో చూసి, ఆ తరువాతనే మమ్మల్ని రమ్మన్నారు. పచ్చగా నిగనిగలాడే రాతిని వదిలి, చూడటానికి వంకరగా ఉన్నా గరుకుగా ఉన్న రాతినే ఎంచుకోమని చెప్పారు. "నీళ్లు ఎర్రగా తిరిగినాయంటే పైన వాన పడిందని లెక్క సార్, ఇంగ ముందుకు పోయేది లేదు" అన్న ఆయన మాట ఈ దారిలో నడిచే ప్రతివారూ గుర్తుంచుకోవాలి. వానాకాలంలో జ్వాలా నరసింహస్వామి గుహ ముందు పైనుంచి జలధార పడుతుంది, దాన్ని దాటుకునే లోపలికి పోవాలి. అందుకని ఫోన్లను, మందులను ప్లాస్టిక్ సంచిలో చుట్టి కట్టించారు.

కోతుల విషయంలోనూ ఆయన జాగ్రత్త మెచ్చుకోదగినది. చేతిలో వేలాడే సంచి ఏదీ ఉండకూడదన్నారు. పులిహోర పొట్లాలు భుజాన తగిలించుకున్న సంచి అడుగున పెట్టించి, పైన తువ్వాలు కప్పించారు. తిండి ఎక్కడ విప్పాలో కూడా ఆయనే చూపించారు.

లోపాలూ చెప్పాలి. కూలికి నిర్ణీతమైన పట్టిక మాకెక్కడా కనిపించలేదు, కాబట్టి మొత్తం ఎంత, ఉగ్రస్తంభం అందులో కలిసి ఉందా లేదా అన్నది బయలుదేరే ముందే తేల్చుకోవాలి. దెబ్బ తగిలితే కట్టు కట్టే సామాను గైడు దగ్గర లేదు. దూది, గుడ్డ పట్టీ, ఓఆర్ఎస్ పొట్లాలు, మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు మనమే మోసుకుపోవాలి. ఇంత ప్రమాదం ఉన్న దారిలో పనిచేసేవారికి ప్రథమ చికిత్సలో శిక్షణ, ఒక చిన్న మందుల సంచి ఇప్పించడం పెద్ద ఖర్చు కాదని, అది వారి హక్కు కూడా అని నా అభిప్రాయం.

చెంచులు నరసింహస్వామిని తమ ఇంటి అల్లుడిగా భావిస్తారు. ఆ కథను మా గైడు విశ్రాంతి తీసుకునే చోట, అడిగినప్పుడు మాత్రమే చెప్పడం నాకు నచ్చింది. నడిచేటప్పుడు ఆయన దృష్టి పూర్తిగా మా పాదాల మీదే ఉండేది.

మోకాళ్ల నొప్పి ఉన్నవారు జ్వాలా నరసింహస్వామి దర్శనంతో ఆగిపోవడం మంచిది. శిఖరం నుంచి దిగడం ఎక్కడంకంటే కష్టం. మిగిలినవారికి నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు అనువైన కాలం. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాల రద్దీ ఉంటుంది, ఆ తరువాత ఎండలు భరించలేము. బస కోసం, గైడు కోసం ముందు రోజే దిగువ అహోబిలం చేరుకుంటే తెల్లవారుజామున ఎగువకు వెళ్లడానికి ఆటో మాట్లాడుకునే వ్యవధి కూడా దొరుకుతుంది.