కుక్కను తెచ్చుకోకముందు తీసుకున్న సలహా: విజయవాడలోని ఒక పశువైద్యశాల సేవపై సమీక్ష

కుక్కను ఇంటికి తెచ్చుకున్న తరువాత పశువైద్యుడి దగ్గరకు వెళ్ళడం అందరూ చేసేదే. ఇంకా కుక్కే లేకుండా, ఏ జాతి కుక్క మాకు నప్పుతుందో చెప్పమని ఫీజు కట్టి వెళ్ళడం మాత్రం మా బంధువర్గంలో కొంతకాలం నవ్వులాటగా మారింది. "పెళ్ళి సంబంధమా ఏమిటి, జాతకాలు చూపించుకోవడానికి?" అని మా మామయ్య అన్నారు. నాలుగు నెలల కిందట విజయవాడలోని ఒక చిన్న ప్రైవేటు పశువైద్యశాలలో మేము తీసుకున్న ఆ సేవ ఎలా ఉన్నదో ఇక్కడ రాస్తున్నాను. ఫీజు 2,000 రూపాయలు. క్లినిక్‌లో గంటసేపు సంప్రదింపు, ఒకసారి మా ఇంటికి వచ్చి చూడడం, చివరకు మేము ఎంచుకున్న కుక్కను ఇంటికి తెచ్చుకునే ముందు పరీక్షించడం, ఈ మూడూ అందులోనే వస్తాయి. డాక్టరు గారు కుక్కలను అమ్మరు, ఫలానా చోట కొనమని చీటీ రాసివ్వరు. నేను ముందుగా వాకబు చేసుకున్నది ఆ సంగతే.

మా జాగ్రత్తకు కారణం ఉంది. నాలుగేళ్ళ కిందట ఒక దుకాణంలో 45 రోజుల పిల్ల అని చెబితే నమ్మి లాబ్రడార్‌ను తెచ్చాము. అయిదో రోజున వాంతులు, రక్తవిరేచనాలు మొదలయ్యాయి, ఎనిమిదో రోజున అది చనిపోయింది. కుక్కపిల్లల పేగులను దెబ్బతీసే పార్వో వైరస్ అన్నారు. కుక్కల పెంపకం, అమ్మకాలపై కేంద్రం 2017లో తెచ్చిన నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు, అంటే 56 రోజులు నిండని పిల్లను అమ్మకూడదని మాకు ఆ తరువాతే తెలిసింది. బజారులో "నలభై అయిదు రోజుల పిల్ల" అన్న మాట ఎంత మామూలుగా వినిపిస్తుందంటే, అదే నిబంధన కాబోలు అనుకున్నాము. హెవీ బోన్, డబుల్ బోన్, షో క్వాలిటీ, పగ్ అయితే పంచ్ ఫేస్ (నొక్కుకుపోయిన ముఖం) అంటూ అమ్మేవారు చెప్పే మాటలన్నీ పిల్ల రూపానికి సంబంధించినవే. పేపర్లు తరువాత పంపిస్తామన్నారు, పంపలేదు. ఆ రోజు దుకాణంలో మేమడిగిన ప్రశ్నలన్నీ కుక్కపిల్ల గురించినవే తప్ప, మీరెవరు, మీ ఇల్లు ఎలాంటిది అని మమ్మల్ని అడిగినవారు లేరు.

ఈ క్లినిక్‌లో ప్రశ్నలన్నీ మాకే పడ్డాయి. మా అబ్బాయికి పద్నాలుగేళ్ళు. సైబీరియన్ హస్కీ తప్ప మరొకటి వద్దని ఏడాదిగా పట్టుపట్టి ఉన్నాడు. డాక్టరు గారు వాడు చెప్పిందంతా ఓపికగా విని, మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు తగలకుండా, చివరకు నా వైపు తిరిగి, "మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఇంట్లో ఎవరుంటారు?" అని అడిగారు. నేను బ్యాంకులో ఉంటాను. నా భార్య బడిలో పాఠాలు చెబుతుంది. పిల్లలిద్దరికీ స్కూలు, ఆపైన ట్యూషన్. ఉండేది డెబ్బై ఒక్క ఏళ్ళ మా అమ్మ ఒక్కతే. ఆ మాట చెప్పగానే ఆయన తన కుర్చీని అమ్మ వైపు తిప్పుకున్నారు. తరువాతి అరగంటలో మాతో మాట్లాడింది చాలా తక్కువ.

"కుక్కంటే భయమా అమ్మగారూ?" అన్నారు.

"భయమెందుకు నాయనా, మా పుట్టింటి పెరట్లో ఎప్పుడూ రెండు పడి ఉండేవి. ఇప్పుడు కాళ్ళకు అడ్డం పడితే పడిపోతానేమోనని" అన్నది అమ్మ.

అమ్మకు మోకాళ్ళ నొప్పులు ఉన్నాయి, కుడి చెవి సరిగా వినిపించదు, వంటింట్లోకి, పూజగదిలోకి కుక్క అడుగు పెట్టడానికి వీల్లేదు. ఇవన్నీ ఆయన ఒక్కొక్కటిగా రాసుకుని, ఫారంలో యజమాని అన్నచోట ఉన్న నా పేరును కొట్టేసి అమ్మ పేరు రాశారు. కుక్కకు డబ్బు పెట్టేవాడిని నేనే గనుక యజమానిని నేనేనన్న దాంట్లో అప్పటిదాకా నాకు అనుమానం కూడా రాలేదు.

హస్కీ విషయం ఆయన ఎక్కువసేపు సాగదీయలేదు. సైబీరియాలో చుక్చీ ప్రజలు మంచు మీద బండ్లు లాగడానికి పెంచిన జాతి అది. దాని ఒంటిమీద రెండు పొరల బొచ్చు ఉంటుంది. కుక్కకు మనిషిలా ఒళ్ళంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పుతూ నోటి తడి ఆవిరి కావడం వల్లనే అది ఎక్కువగా చల్లబడుతుంది. కృష్ణ ఒడ్డున గాలిలో తేమ ఎక్కువగా ఉన్నప్పుడు ఆ ఆవిరి కావడమూ సరిగా జరగదు. ఏసీ గదిలో ఉంచుతామని మావాడు అన్నాడు. "ఉంచుతావు, కానీ పరుగెత్తడానికి పుట్టిన కుక్కను గదిలో పెడితే నీ మంచం కోళ్ళు మిగలవు. పైగా మే నెలలో కరెంటు పోయిన మధ్యాహ్నం దాని దగ్గర కూర్చునేది నాయనమ్మ" అన్నారు. వాడు తల వంచుకున్నాడు, ఒప్పుకోలేదు.

లాబ్రడార్ గురించి మాత్రం చాలాసేపు మాట్లాడారు. నా మనసంతా దాని మీదే ఉందని గ్రహించి ఉంటారు. దాని స్వభావం మీద ఆయనకు ఏ అభ్యంతరమూ లేదు. అభ్యంతరమల్లా బరువు మీదే. ఎదిగిన మగ లాబ్రడార్ ముప్పై కిలోలు సులువుగా దాటుతుంది, అది ప్రేమతోనే ఎదురొచ్చి మీద పడినా మోకాళ్ళ నొప్పులున్న మనిషి నిలబడలేదు. దానికి తోడు తిండి యావ. లాబ్రడార్లలో ఆకలి తీరిందన్న సంకేతానికి సంబంధించిన ఒక జన్యువులో లోపం ఉంటుందని కేంబ్రిడ్జ్ పరిశోధకులు 2016లో గుర్తించారని, వారు చూసినవాటిలో దాదాపు నాలుగింట ఒకదానికి ఆ లోపం ఉన్నదని చెప్పారు. అడిగినప్పుడల్లా పెట్టే చేతులున్న ఇంట్లో అటువంటి కుక్క ఏమవుతుందో ఆయన మాటల్లో చెప్పలేదు. వరండాలో గ్లూకోజు ఎక్కించుకుంటూ పడుకుని ఉన్న ఒక పసుపు రంగు లాబ్రడార్‌ను చూపించారు, అంతే. దాని మెడకూ భుజాలకూ మధ్య తేడా తెలియడం లేదు. దుకాణంవారు చెప్పే డబుల్ బోన్ మాటను కూడా ఆయన అక్కడే తేల్చేశారు. కుక్కకు ఎముకలు రెండు వరుసలుగా ఉండవు. పిల్లకు త్వరగా బరువు పెరిగేలా తినిపిస్తే ఆ భారం ఎదిగే తుంటి కీళ్ళ మీద పడుతుంది.

మిగిలినవి చప్పున సాగిపోయాయి. బీగిల్ చిన్నదే, ముద్దుగానే ఉంటుంది, కానీ గుంపులుగా కుందేళ్ళ వాసన పట్టి వేటాడడానికి పెంచిన జాతి కనుక తాను ఎక్కడున్నదీ వేటగాడికి తెలిసేలా గొంతెత్తి ఊళ వేయడం దాని రక్తంలో ఉంది, అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి గొంతు దానికంటే పెద్దది. పగ్‌కు ముక్కు నొక్కుకుపోయి ఉంటుంది గనుక ఎండాకాలంలో ఊపిరి తీసుకోవడమే కష్టం. మామయ్య పంపిన సలహా కూడా నేను ముందుంచాను. 2020 ఆగస్టులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో స్వదేశీ జాతుల గురించి చెప్పినప్పటి నుంచి మామయ్య తమిళనాడు జాతి అయిన రాజపాళయం పేరు జపిస్తున్నారు. మంచి కాపలా కుక్కే గాని, దానికి తిరగడానికి పొలమో పెద్ద ఆవరణో ఉండాలని, పైగా పాలవంటి తెల్లని రంగుతో పాటు పుట్టు చెవుడు కూడా ఆ జాతిలో కనిపిస్తుందని డాక్టరు గారు చెప్పారు. ఒకే ఇంట్లో ఇద్దరికి వినిపించకపోతే కాలింగ్ బెల్ ఎవరికోసం అని అమ్మే నవ్వింది.

ఇంటికి వచ్చినప్పుడు ఆయన చూసినవి మేము ఊహించినవి కావు. చెప్పులు విప్పి, హాలులోని నున్నటి టైల్స్ మీద మేజోళ్ళతో అటూ ఇటూ జారుతూ నడిచి, ఇక్కడ రెండు రబ్బరు చాపలు వేయండి అన్నారు. బాల్కనీ గ్రిల్లు సందులో పిడికిలి దూర్చి చూశారు. అది దూరింది. కింద వల కట్టించమన్నారు. అమ్మ రోజూ నడిచే దారిని, అంటే మంచం నుంచి స్నానాలగదికీ, అక్కడి నుంచి పూజగదికీ, వంటింటికీ ఉన్న దారిని ఆమెనే నడిచి చూపించమని, కుక్క పడక ఆ దారిలో ఎక్కడా రాకుండా మూల స్థలం నిర్ణయించారు. ఉల్లిపాయ వేసిన పులుసు అన్నం కుక్కకు పెట్టకూడదని, ఉల్లి దాని ఎర్ర రక్తకణాలను చెడగొడుతుందని చెప్పినప్పుడు, "మరి మా పెరట్లో కుక్కలు అవే తిని బతికాయే" అన్నది అమ్మ. "ఎన్నాళ్ళు బతికాయి అమ్మగారూ?" అని ఆయన అడిగితే లెక్కపెట్టుకుని, ఊరుకుంది.

ఈ సేవలో నాకు అన్నిటికంటే నచ్చినది కరపత్రంలో లేనిది. మావాడిని పది రోజుల పాటు ఉదయం అయిదున్నరకు క్లినిక్‌కు రమ్మని, అక్కడ ఉంచిన ఒక కుక్కను బందరు కాలువ వెంట అరగంట నడిపించమన్నారు. ఆరు రోజులు వెళ్ళాడు. ఏడో రోజు లేవలేదు, నేను వెళ్ళాను. ఎనిమిదో రోజు వానపడింది, ఇద్దరమూ వెళ్ళలేదు. ఆ లెక్క ఆయన ఫారం మీద ఎర్ర సిరాతో రాశారు. దండించలేదు. రోజుకు రెండు గంటల వ్యాయామం కోరే జాతులన్నిటినీ ఆ కాగితం మీద అడ్డంగా గీత గీసి కొట్టేశారు.

చివరకు మిగిలినది మా చిన్నప్పుడు ప్రతి కాలనీలోనూ కనిపించిన బొచ్చుకుక్క. అందరమూ దాన్ని పామేరియన్ అనే పిలిచాము. నిజానికి పామేరియన్ రెండు మూడు కిలోలకు మించదు. మన ఇళ్ళలో పెరిగినది ఇండియన్ స్పిట్జ్, అందులో చిన్న రకం అయిదు నుంచి ఏడు కిలోలుంటుంది. బ్రిటిష్‌వారి కాలంలో వచ్చిన స్పిట్జ్ జాతి నుంచే మన దేశంలో ఇది రూపుదిద్దుకుంది, ఇక్కడి వాతావరణానికి తరతరాలుగా అలవాటుపడింది. బొచ్చు రాలుతుంది, పళ్ళకు గార పడుతుంది, కొన్నిటికి మోకాలి చిప్ప జారుతుంది, ప్రతి అలికిడికీ మొరుగుతుంది. ఇవన్నీ చెప్పి, మొరగడం మీకు లోపం కాదు, అమ్మగారికి బెల్లు వినిపించదు కదా అన్నారు. పిల్లను కాకుండా ఎదిగిన కుక్కను తెచ్చుకోమని కూడా ఆయనే సూచించారు. పిల్లను కొంటే జాతి లక్షణాల మీద నమ్మకం పెట్టుకోవాలి, అయిదేళ్ళ కుక్క అయితే దాని బుద్ధి ఎలాంటిదో కళ్ళతో చూసే తెచ్చుకోవచ్చునన్నది ఆయన వాదన. నాకు అది జాతి ఎంపికను పక్కకు నెట్టే మాటలా తోచింది గాని, ఇప్పుడు ఆలోచిస్తే నేను ఫీజు కట్టినందుకు దక్కిన అసలైన సలహా అదే.

డాలస్‌లో ఉన్న కొడుకు దగ్గరకు శాశ్వతంగా వెళ్ళిపోతున్న ఒక వృద్ధ దంపతుల ద్వారా జిమ్మీ అనే ఇండియన్ స్పిట్జ్ మాకు దొరికింది. డాక్టరు గారు దాని టీకాల పుస్తకం తేదీలతో సహా చదివి, వెనుక కాళ్ళ మోకాళ్ళు రెండూ కదిలించి, గుండె విని, పళ్ళు శుభ్రం చేయించాలి, మిగతా అంతా బాగుంది అన్నారు. మొదటి రెండు రోజులు అది తినలేదు, వీధి తలుపు వైపు ముఖం పెట్టి కూర్చుంది. మూడో రోజు అమ్మ కలిపిన పెరుగన్నం తిన్నది. మూడో వారం నుంచి బెల్లు మోగగానే తలుపు దగ్గర మొరిగి, వెంటనే అమ్మ మంచం దగ్గరకు పరుగెత్తి, మళ్ళీ తలుపు దగ్గరకు వస్తోంది. ఈ రాకపోకలు దానికి ఎవరూ నేర్పలేదు. లిఫ్టు చప్పుడుకు కూడా మొరుగుతున్నదని పక్క ఫ్లాటువారు ఒకసారి ఫిర్యాదు చేశారు. ఆ విషయంలో మాత్రం ఇంకా కుస్తీ పడుతున్నాము.

లోపాలు లేకపోలేదు. ఇంటికి వస్తామన్న రోజును రెండుసార్లు మార్చారు, ఒకసారి నేను సెలవు పెట్టుకుని ఎదురుచూసిన తరువాత మార్చారు. ఏడాదికి తిండి, టీకాలు, బొచ్చు కత్తిరింపు కలిపి ఎంతవుతుందో అడిగితే సూటిగా అంకె చెప్పలేదు. దుకాణాల మీద ఆయనకున్న కోపం సంప్రదింపులో పదిహేను నిమిషాలు తినేసింది, ఆ కోపంలో న్యాయం ఉన్నా సమయం మాది. అన్నిటికంటే పెద్ద లోపం ఏమిటంటే, ఇంటికి ఇచ్చిన నాలుగు పేజీల సూచనలు పూర్తిగా ఇంగ్లీషులో ఉన్నాయి. పగలంతా కుక్కతో గడిపేది అమ్మ అని కనిపెట్టిన మనిషి, తెలుగు మాత్రమే చదవగలిగిన అమ్మ చేతికి ఆ కాగితాలు ఇవ్వడం నాకు మింగుడుపడలేదు. నా భార్య రెండు సాయంత్రాలు కూర్చుని వాటిని పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించింది. అయిదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. ఆ ఒక్కటీ తగ్గించింది ఈ కాగితాల కోసమే.

సూచనల పక్కనే ఎర్ర గీతలతో నడక పట్టిక కూడా ఉంది. అది మావాడు తనంతట తానే గీసుకున్నాడు. గత నెల ముప్పై రోజుల్లో వాడివి పంతొమ్మిది, నావి ఎనిమిది. వానకు పోయినవి మూడు.