ఫోన్లో కంప్యూటర్ బాగుచేయించాలంటే ఏది మేలు: కమాండా, క్లిక్కా?

తెనాలిలో ఉండే మా మామయ్యగారి ప్రింటర్ ఈమధ్య మొరాయించింది. ఒక పత్రం క్యూలో ఇరుక్కుని, రద్దు చేసినా కదలక, దాని వెనక పంపినవన్నీ ఆగిపోవడం విండోస్ వాడేవారిలో చాలామందికి అనుభవమే. ప్రింట్ కావాల్సిన పత్రాలను వరుసలో ఉంచుతూ తెరవెనక నడిచే ప్రింట్ స్పూలర్ అనే సర్వీసును ఆపి, సిస్టమ్32లోని స్పూల్ ఫోల్డర్ లోపల ఉండే ‘ప్రింటర్స్’ ఫోల్డర్‌ను ఖాళీ చేసి, సర్వీసును మళ్లీ మొదలుపెడితే సాధారణంగా సరిపోతుంది. హైదరాబాద్ నుంచి ఈ పనిని ఆయన చేత మౌస్ క్లిక్కులతోనూ, అక్షరాల్లో రాసే కమాండులతోనూ రెండు విధాలా చేయించి చూశాను.

ముందు మౌస్‌తో ప్రయత్నించాం. సర్వీసుల జాబితాలో స్పూలర్ పేరు వెతకడానికే చాలాసేపు పట్టింది. దొరికాక “దానిమీద రైట్ క్లిక్ చేయండి మామయ్యా” అంటే, ఆయన ఆ పేరుకు కుడిపక్కన ఉన్న ఖాళీ చోట నొక్కారు. తప్పు ఆయనది కాదు. నాకు కనబడని తెరను మాటలతో వర్ణించి నడిపించడంలోనే ఆ చిక్కు ఉంది. పైగా 2021లో వచ్చిన విండోస్ 11లో స్టార్ట్ బటన్ ఎడమ మూల నుంచి మధ్యకు జరిగినట్టు, మనం గుర్తుపెట్టుకున్న గుర్తులు కొత్త వెర్షన్‌లో చోటు మారుతుంటాయి.

తరువాత ‘నెట్ స్టాప్ స్పూలర్’ అనే కమాండును వాట్సాప్‌లో పంపి, కాపీ చేసి, కమాండులు రాసే విండో అయిన కమాండ్ ప్రాంప్ట్‌లో అతికించమన్నాను. “సిస్టమ్ ఎర్రర్ 5, యాక్సెస్ ఈజ్ డినైడ్ అంటోంది” అని ఆయన ఉన్నదున్నట్టు చదివారు. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా, అంటే పూర్తి అధికారాలతో, తెరవలేదని నాకు వెంటనే తెలిసింది. ఇలా కమాండులు రాసి పనిచేయించే కమాండ్ లైన్‌లో నేను అన్నిటికంటే విలువిచ్చేది ఈ గుణానికే: అడిగిందీ, వచ్చిన జవాబూ రెండూ అక్షరాలే కాబట్టి, అవి ఫోన్లో చెప్పినా మెసేజ్‌లో పంపినా చెక్కుచెదరవు.

అయితే ఫైళ్లను తొలగించే కమాండును మాత్రం నేను పంపలేదు. ఫైళ్లు ఎక్కడున్నాయో చెప్పే దారి పేరులో ఒక ఖాళీ అటూఇటూ అయినా వేరే ఫైళ్లు పోవచ్చు, పోయినవి రీసైకిల్ బిన్‌లోకీ చేరవు. ఆ ఫోల్డర్‌ను ఆయనే తెరిచి, కళ్లారా చూసి తొలగించడమే క్షేమం. అలాగే మెసేజ్ పంపే వీలులేక నోటితోనే చెప్పాల్సివస్తే, స్లాష్ ఏదో బ్యాక్‌స్లాష్ ఏదో వివరించేకంటే మెనూలే నయం.

తెరను పంచుకునే యాప్‌లతో ఈ వర్ణనల బాధ తప్పుతుంది గానీ వాటికి మంచి ఇంటర్నెట్ కావాలి. అంతకంటే ముఖ్యంగా, ఎవరో ఫోన్ చేసి చెప్పగానే అలాంటి యాప్ వేసుకునే అలవాటును పెద్దవాళ్లకు నేర్పడం నాకు ఇష్టం లేదు. అలాంటి యాపే అయిన ఎనీడెస్క్‌ను అడ్డుపెట్టుకుని జరిగే మోసాల గురించి రిజర్వ్ బ్యాంక్ 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. అర్థంకాని కమాండును అతికించడంలోనూ ఇదే ప్రమాదం ఉంది. సర్వర్ల సంగతి వేరు: దూరంలోని కంప్యూటర్‌ను కమాండులతో సురక్షితంగా నడిపించే, 1995లో ఫిన్లాండ్‌లో పుట్టిన ఎస్‌ఎస్‌హెచ్ ఉండగా అక్కడ కమాండ్ లైన్ తప్ప నేను మరో ఆలోచన పెట్టుకోను.

మామయ్యగారి డెస్క్‌టాప్ మీద ఇప్పుడు ఒక నోట్‌ప్యాడ్ ఫైలు ఉంది. స్పూలర్‌ను ఆపే కమాండు, మొదలుపెట్టే కమాండు, ఒక్కోదాని కింద అది ఏం చేస్తుందో తెలుగులో ఒక వాక్యం, రెంటి మధ్య ఏ ఫోల్డర్ తెరిచి చూడాలో అందులో రాసి ఉంచాను.