తాళం లేని పీసీ గేములు: గాగ్, స్టీమ్, ఇచ్‌లలో ఏది మేలు?

"ఒకే గేమ్ గాగ్‌లోనూ ఉంది, స్టీమ్‌లోనూ ఉంది, ధర కూడా ఇంచుమించు ఒకటే. ఎక్కడ కొనమంటారు?" పీసీ గేములు కొనేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఇది. గాగ్, స్టీమ్, ఇచ్ మూడూ పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణాలు. ఒక్కరే ఆడుకునే గేమ్ అయి, పదేళ్ల తర్వాతా ఆడాలనుకుంటే గాగ్‌లో కొనండి. కాకపోతే ఒక షరతు. కొన్న వెంటనే ఇన్‌స్టాలర్ ఫైళ్లు దించుకుని మీ సొంత డిస్కులో పెట్టుకోవాలి. ఆ పని చేయకుండా లైబ్రరీలో బొమ్మ చూసుకుని మురిసిపోతే, స్టీమ్‌లో కొన్నవాళ్లకీ మీకూ పెద్ద తేడా ఉండదు.

డీఆర్ఎం (కొన్నవాళ్లే ఆడుతున్నారా అని సరిచూసే డిజిటల్ తాళం) ఉందా లేదా అని మాత్రమే అడిగితే సగం జవాబే వస్తుంది. ఇలా అడిగి చూడండి: విండోస్ తప్ప మరేమీ లేని కొత్త మెషిన్, నెట్ లేదు, ఏ అకౌంటులోకీ లాగిన్ కాలేదు. అందులో గేమ్ ఎక్కుతుందా? ఎక్కాక నడుస్తుందా? గాగ్‌లో ఒంటరిగా ఆడే గేములకు దాదాపు ఎప్పుడూ రెండింటికీ అవుననే జవాబు. స్టీమ్‌లో చాలా గేములు నడుస్తాయి గానీ, ఎక్కించడానికి స్టీమే కావాలి. డెనువో లాంటి తాళం ఉన్నవి రెండు పరీక్షల్లోనూ తప్పుతాయి.

ఇంత పట్టింపు ఎందుకంటే, గేమ్ కంటే ముందు తాళమే పాడవుతుంది. 2015లో విండోస్ 10 వచ్చినప్పుడు పాత గేమ్ డిస్కులకు వేసిన సేఫ్‌డిస్క్ అనే తాళం డ్రైవరును మైక్రోసాఫ్ట్ అందులో పెట్టలేదు. డబ్బు పెట్టి కొన్న అసలు డిస్కులు చేతిలో ఉండి కూడా ఆ గేములు తెరుచుకోలేదు. 2021లో ఇంటెల్ 12వ తరం ప్రాసెసర్లు వచ్చినప్పుడు, అందులోని రెండు రకాల కోర్లను రెండు వేర్వేరు కంప్యూటర్లనుకుని కొన్ని డీఆర్ఎంలు గేములను ఆపేశాయి. గేమ్ కోడులో ఏ లోపమూ లేదు. 2024 జనవరి 1 నుంచి విండోస్ 7, 8, 8.1లకు స్టీమ్ మద్దతు ఆగిపోయింది. ఆ విండోసుల కోసమే తయారైన గేములు ఆ మెషిన్లలో ఇప్పటికీ బాగానే నడుస్తాయి, వాటిని తెచ్చిపెట్టే స్టీమ్ యాప్ (క్లయింటు) సంగతే గ్యారంటీ లేదు. అందుకే నా తూకంలో అన్నిటికన్నా బరువైనది ఇన్‌స్టాలర్ ఫైలు చేతికి వస్తుందా లేదా అన్నదే.

ముందుగా గాగ్. లైబ్రరీలో గేమ్ మీద నొక్కితే రెండు దారులు కనిపిస్తాయి: గాగ్ సొంత యాప్ అయిన గెలాక్సీ లాంచరుతో ఎక్కించుకోవడం, ఆఫ్‌లైన్ బ్యాకప్ ఇన్‌స్టాలర్లు దించుకోవడం. మనకు కావాల్సింది రెండోది. చిన్న గేముకు ఒకే సెటప్ ఫైలు వస్తుంది. పెద్దదైతే సెటప్ ఫైలుతో పాటు ఒక్కొక్కటి 4 జీబీ దాటని బిన్ ముక్కలు వస్తాయి. డిస్కులో 150 జీబీ అడిగే బాల్డర్స్ గేట్ 3 లాంటిదైతే ఆ ముక్కలు పదుల్లో ఉంటాయి. అన్నీ ఒకే ఫోల్డరులో ఉండాలి, పేర్లు మార్చకూడదు. సెటప్ ఆ పేర్లతోనే తర్వాతి ముక్కను వెతుక్కుంటుంది.

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. ఒక ముక్క సగంలో ఆగిపోయి దిగినా బ్రౌజర్ ఒక్కోసారి పూర్తయినట్టే చూపిస్తుంది. ఇన్‌స్టాల్ డెబ్బై, ఎనభై శాతం దాకా వెళ్లాక ఫైలు పాడైందంటూ ఆగుతుంది. ఏడాది తర్వాత అది బయటపడితే చేసేదేమీ ఉండదు కాబట్టి, దించిన రోజే ఒకసారి నెట్ తీసేసి ఇన్‌స్టాల్ చేసి చూడండి. దానికి జాగా రెట్టింపు కావాలి: ముక్కలకు ఒక వాటా, ఎక్కిన గేముకు ఒక వాటా. అది సరిగ్గా ఎక్కితే, విండోస్‌లోనే ఉన్న సర్ట్‌యుటిల్ కమాండుతో ఒక్కో ఫైలుకు షా-256 విలువ (ఫైలు కాస్త మారినా మారిపోయే వేలిముద్ర లాంటిది) తీసి, టెక్స్ట్ ఫైలులో రాసి అదే ఫోల్డరులో ఉంచండి. డిస్కు మార్చినప్పుడల్లా ఆ విలువలు సరిపోలితే చాలు, మళ్లీ ఇన్‌స్టాల్ చేసి చూడక్కర్లేదు.

రెండో తలనొప్పి డీఎల్సీలు, అంటే గేముకు విడిగా వచ్చే అదనపు భాగాలు. గెలాక్సీ అన్నీ కలిపి ఎక్కిస్తుంది గానీ, ఆఫ్‌లైన్‌లో ప్రతి డీఎల్సీకీ విడి ఇన్‌స్టాలర్ ఉంటుంది. ముందు అసలు గేమ్, దాని ప్యాచ్ (లోపాలు సరిదిద్దే ఫైలు) ఉంటే అది, ఆ తర్వాతే డీఎల్సీ. వెర్షన్లు కలవాలి. పోయిన ఏడాది దించిన గేము మీద ఈ ఏడాది దించిన డీఎల్సీ ఎక్కిస్తే మెనూ దాకా వచ్చి కూలిపోవచ్చు. ఇన్‌స్టాలర్ పేరులోనే వెర్షన్ సంఖ్య, బ్రాకెట్లలో బిల్డు సంఖ్య ఉంటాయి కాబట్టి సరిచూసుకోవడం తేలికే. అప్‌డేటు వస్తే చాలాసార్లు మొత్తం మళ్లీ దించుకోవాల్సి వస్తుంది. కొత్తది పనిచేస్తోందని తేలేదాకా పాతది తుడిచేయకండి. మాడ్‌లు (గేముకు ఆటగాళ్లు చేసే మార్పులు) వాడేవాళ్లకైతే పాత వెర్షనే బంగారం.

ఇరవై, ముప్పై గేములు దాటితే బ్రౌజరుతో నెట్టుకురావడం కష్టం. లినక్స్‌లో నడిచే ఎల్‌గాగ్‌డౌన్‌లోడర్ అనే కమాండ్‌లైన్ పనిముట్టు లైబ్రరీ మొత్తాన్ని వరసగా దించి, చెడిపోయిన ముక్కలను గుర్తించి బాగుచేస్తుంది. విండోస్‌లో అయితే, లోపలే లినక్స్‌ను నడిపే డబ్ల్యుఎస్ఎల్ ద్వారా వాడుకోవచ్చు. లినక్స్ మీదే ఆడేవాళ్లకు ఇన్నోఎక్స్‌ట్రాక్ట్ అనే మరో పనిముట్టు ఉంది. విండోస్ ఇన్‌స్టాలరును నడపకుండానే లోపలి ఫైళ్లు బయటికి తీస్తుంది.

గాగ్‌లో అంతా పాలూ తేనే అనుకోకండి. మల్టీప్లేయర్ ఉన్న చాలా గేములకు గెలాక్సీలో లాగిన్ తప్పదు. 2021లో హిట్‌మ్యాన్ గేమును అక్కడ అమ్మకానికి పెట్టారు. అందులో ముఖ్యమైన భాగాలు నెట్ లేకపోతే తెరుచుకోవు. కొన్నవాళ్లు గోల చేశాక వెనక్కి తీసుకున్నారు. అంటే గాగ్‌లో ఉంది కదా అని కళ్లు మూసుకుని కొనడం కుదరదు. కొందరు డెవలపర్లు స్టీమ్‌కు ప్యాచ్ ఇచ్చిన చాలా రోజులకు గానీ గాగ్‌కు పంపరు. పంపాక కూడా అది ముందు గెలాక్సీలోకి వచ్చి, ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలరులోకి కాస్త ఆలస్యంగా చేరొచ్చు. గెలాక్సీకి లినక్స్ రూపం లేదు, హీరోయిక్ లాంటి బయటి లాంచరుతో సర్దుకోవాలి.

ఇక స్టీమ్. దాని మీద ఉన్న అపవాదు కొంత అన్యాయమే. స్టీమ్ డీఆర్ఎం (గేమ్ ఫైలు చుట్టూ వేసే తొడుగు) పెట్టడం డెవలపరు ఇష్టం, తప్పనిసరి కాదు. పైగా ఆ తొడుగు ఒక్కటే పైరసీని ఆపదని స్టీమ్‌ను నడిపే వాల్వ్ తన పత్రాల్లోనే డెవలపర్లకు చెబుతుంది. విచర్ 3, స్టార్‌డ్యూ వ్యాలీ, బాల్డర్స్ గేట్ 3 లాంటివి స్టీమ్‌లో కొన్నా, ఒకసారి దిగాక స్టీమ్ లేకుండానే నడుస్తాయి. గొడవల్లా ఏమిటంటే, స్టోర్ పేజీ ఆ ముక్క చెప్పదు. డెనువో లాంటి బయటి డీఆర్ఎం ఉంటే పేజీ కుడివైపు రాస్తుంది, స్టీమ్ సొంత తాళం గురించి రాయదు. కాబట్టి కొనేముందు పీసీగేమింగ్‌వికీ అనే సైటులో ఆ గేమ్ పేజీ తెరిచి, ఎక్కడెక్కడ దొరుకుతుందో చెప్పే పట్టికలో డీఆర్ఎం గడి చూడండి. ఒక్కో దుకాణానికీ విడివిడిగా రాసి ఉంటుంది.

కొన్నాక మీరే పరీక్షించుకోవచ్చు. స్టీమ్‌యాప్స్ ఫోల్డరులోని కామన్ ఫోల్డరు తెరిచి, గేమ్ ఫోల్డరు మొత్తాన్ని వేరే డ్రైవులోకి కాపీ చేయండి. స్టీమ్‌ను పూర్తిగా మూయండి. కిటికీ మూస్తే సరిపోదు, గడియారం పక్కనున్న గుర్తు మీద నొక్కి బయటికి రావాలి. నెట్ తీసేసి, కాపీలోని గేమ్ ఫైలును నేరుగా నడపండి. గేమ్ తెరుచుకుంటే సరే. స్టీమ్ తనంతట తాను లేస్తే గేమ్ దాన్ని పిలుస్తోందన్నమాట. 'అప్లికేషన్ లోడ్ ఎర్రర్' అని అంకెల వరస కనిపిస్తే తొడుగు ఉన్నట్టే. వీలైతే స్టీమ్ ఎప్పుడూ ఎక్కించని మరో కంప్యూటరులో చూడటం ఇంకా నమ్మకం.

అక్కడ ఇంకో బోల్తా ఉంది. కొత్త కంప్యూటరులో ఎంఎస్‌వీసీపీ140 డీఎల్ఎల్ లేదని గేమ్ ఆగితే, అది తాళం కాదు. విజువల్ సీ++ రన్‌టైమ్ (గేమ్ నడవడానికి కావాల్సిన మైక్రోసాఫ్ట్ ఫైళ్లు) ఎక్కించలేదు, అంతే. స్టీమ్ మొదటిసారి గేమ్ తెరిచినప్పుడు ఆ పని చడీచప్పుడూ లేకుండా చేసేస్తుంది. గాగ్ ఇన్‌స్టాలర్ కూడా చేస్తుంది. ఉత్త ఫోల్డరును కాపీ చేసుకుంటే మాత్రం మీరే చేసుకోవాలి. కాబట్టి విజువల్ సీ++, డైరెక్ట్‌ఎక్స్ రన్‌టైమ్ ఇన్‌స్టాలర్లను కూడా బ్యాకప్ పక్కన పడేయండి. సేవ్ ఫైళ్ల సంగతీ అంతే. క్లౌడ్‌లో ఉన్నాయి కదా అనుకుంటాం, స్టీమ్ లేకుండా నడిపితే కొన్ని గేములు వేరే ఫోల్డరులో వెతుక్కుని మొదటినుంచి మొదలుపెడతాయి.

స్టీమ్‌లోని బ్యాకప్ సదుపాయాన్ని గాగ్ ఇన్‌స్టాలరుతో సమానమనుకునేవాళ్లు చాలామంది. కాదు. ఆ బ్యాకప్‌ను తిరిగి ఎక్కించాలంటే స్టీమ్‌లో లాగిన్ అవ్వాలి. అది డౌన్‌లోడ్ భారం తగ్గించడానికే. ఆఫ్‌లైన్ మోడ్ కూడా ముందే లాగిన్ అయి, గేమ్ పూర్తిగా దించి పెట్టుకున్న కంప్యూటరుకే పనికొస్తుంది.

స్టీమ్‌కు ఉన్న బలాలు తక్కువేమీ కావు. లినక్స్‌లో విండోస్ గేములను నడిపే ప్రోటాన్, మాడ్‌లు పంచుకునే వర్క్‌షాప్, ముందుగా వచ్చే ప్యాచ్‌లు, స్నేహితులతో ఆట. మల్టీప్లేయరే ముఖ్యమైతే తాళం గురించి ఇంత చర్చ అనవసరం, మీ స్నేహితులు ఎక్కడుంటే అక్కడే కొనండి. అప్‌డేటు విషయంలో మాత్రం గాగ్‌దే పైచేయి. స్టీమ్‌లో అప్‌డేటును కొంతకాలం వాయిదా వేయగలరు, పూర్తిగా ఆపలేరు. 2021 నవంబరులో స్కైరిమ్‌కు వచ్చిన అప్‌డేటు స్క్రిప్ట్ ఎక్స్‌టెండర్ అనే పనిముట్టు మీద ఆధారపడిన మాడ్‌లన్నింటినీ ఒక్క దెబ్బకు పడగొట్టింది. గెలాక్సీలో ఆటోమేటిక్ అప్‌డేటు ఆపేయవచ్చు, పాత బిల్డుకు వెనక్కి కూడా వెళ్లవచ్చు.

వాపసు: గాగ్‌లో ఆడి చూశాక కూడా 30 రోజుల దాకా అడగవచ్చు. స్టీమ్‌లో కొన్న 14 రోజుల లోపు, ఆట రెండు గంటలు దాటకముందు.

ఇచ్ సంగతి వేరు. 2013లో మొదలైన ఈ దుకాణంలో ఎక్కువగా చిన్న చిన్న ఇండీ గేములే. కొన్నాక జిప్ ఫైలు నేరుగా చేతికి వస్తుంది, విప్పి ఆడుకోవడమే. సెలెస్ట్ లాంటి పేరున్నవి కొన్ని అక్కడా దొరుకుతాయి. అమ్మకంలో దుకాణం వాటా ఎంతో డెవలపరే నిర్ణయించుకుంటారు, మార్చకపోతే 10 శాతం. ఒకే గేమ్ ఇచ్‌లోనూ, మరోచోటా ఉంటే ఇచ్‌లోనే కొనండి. అయితే కొన్ని పేజీలు జిప్ బదులు స్టీమ్ కీ (స్టీమ్‌లో గేమ్ తెరిపించే కోడు) మాత్రమే ఇస్తాయి, డబ్బు కట్టేముందు ఫైళ్ల జాబితా చదవండి. జిప్ 4 జీబీ దాటితే ఫ్యాట్32 పెన్‌డ్రైవులోకి ఎక్కదు, ఎక్స్‌ఫ్యాట్‌గా ఫార్మాట్ చేసుకోవాలి.

ఎపిక్ అనే మరో దుకాణంలో కూడా తాళం లేని గేములు చాలానే ఉన్నాయి, కానీ దించడానికి లాంచర్ తప్పదు. ఉచితంగా ఇచ్చినప్పుడు తీసుకోండి. హంబుల్‌లో ఇప్పుడు వచ్చేవి చాలావరకు స్టీమ్ కీలే. జూమ్ ప్లాట్‌ఫామ్ (వీడియో కాల్ జూమ్ కాదు, గేముల దుకాణం) ఆఫ్‌లైన్ ఇన్‌స్టాలర్లు ఇస్తుంది, జాబితా చిన్నది. గాగ్‌లో లేని పాత గేమ్ కావాలంటే అక్కడ ఓసారి వెతకండి.

స్టీమ్‌లో ఇప్పటికే కొన్నదాన్ని గాగ్‌లో మళ్లీ కొనాలా అంటే, పైన చెప్పిన కాపీ పరీక్షలో నెగ్గినవాటికి అక్కర్లేదు. ఆ ఫోల్డరును జిప్ చేసి, రన్‌టైములు జతచేసి, వెర్షనూ తేదీ పేరులో రాసి పెట్టుకోండి. నెగ్గనివాటిలో మళ్లీ మళ్లీ ఆడే నాలుగైదు గేములు ఉంటే, గాగ్‌లో కోరికల జాబితాలో వేసి డిస్కౌంటు వచ్చేదాకా ఆగండి.