ఈ-రీడర్‌లో తెలుగు నిఘంటువు: కోరీడర్ సమీక్ష

చదువుతున్న పుట విడిచిపెట్టకుండానే తెలియని మాటకు అర్థం చూసుకోగలగడం ఈ-రీడర్ వల్ల కలిగే పెద్ద మేలని నా నమ్మకం. కిండిల్‌లో ఇంగ్లీషు పుస్తకాలు చదివేవారికి ఈ సదుపాయం చక్కగా అమరింది. మాట మీద వేలు నొక్కి పట్టగానే అర్థం అక్కడే కనబడుతుంది, చూసిన మాటలన్నీ ఒక జాబితాలో చేరుతాయి. అయితే 2016 డిసెంబరులో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలకు కిండిల్‌లో చోటు దక్కినప్పుడు వాటిలో తెలుగు లేదు. అందుచేత తెలుగు చదువు కోసం నేను ఆండ్రాయిడ్‌తో నడిచే ఈ-ఇంక్ (కాగితంలా కనబడే తెర) పరికరంలో కోరీడర్ అనే ఉచిత యాప్‌ను వాడుతున్నాను.

స్టార్‌డిక్ట్ అనే ఫైలు రూపంలో ఉన్న నిఘంటువు ఏదైనా ఇందులో ఎక్కించుకోవచ్చు. నేను ఎంచుకున్నది 1852 నాటి సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు. కడపలో పండితులను కూర్చోబెట్టి తాళపత్ర గ్రంథాలు పరిష్కరింపజేసినవాడి కృషి కనుక, రాయలసీమవాసులకు దాని మీద మమకారం ఉండడం సహజమే. దీనికి ఇంటర్నెట్ అక్కర లేదు కాబట్టి, తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే బస్సులో సిగ్నల్ లేని చోట కూడా అర్థం దొరుకుతుంది.

చిక్కంతా విభక్తులతోనూ సంధులతోనూ వస్తుంది. పుస్తకంలో ‘గుర్రాలకు’ అని ఉంటే యంత్రం ఆ అక్షరాలనే వెతుకుతుంది, బ్రౌన్‌లో ఉన్నదేమో ‘గుర్రము’. అప్పుడు నిఘంటువు కిటికీలో ఉన్న మాటను దిద్దడానికి తెరిచి, చివరి అక్షరాలు తుడిచి, ‘ము’ చేర్చి మళ్లీ వెతకాలి. వచనంలో ఇది రెండు క్షణాల పని. పద్యంలో మాత్రం నాలుగైదు మాటలు సంధి కలిసి ఒకే పదంలా నిలుస్తాయి కనుక, ఎక్కడ విరవాలో ముందే తెలిసినవారికి తప్ప ఈ పద్ధతి సాగదు; పోతన భాగవతం మొదటిసారి చదివే విద్యార్థికి టీకాతాత్పర్యాలున్న అచ్చుప్రతినే నేను సూచిస్తాను. స్కాన్ చేసిన పీడీఎఫ్‌లలో మాటలు బొమ్మలుగా ఉంటాయి కాబట్టి అక్కడ ఈ సౌకర్యం దాదాపు పనికిరాదు. యూనికోడ్‌లో ఉన్న ఈపబ్ పుస్తకమే కావాలి.

ఈ లోటు తీరడానికి దారి లేకపోలేదు. ఒక మాటకున్న వేర్వేరు రూపాలను మూలపదానికి ముడివేసే ‘సిన్’ ఫైలుకు స్టార్‌డిక్ట్‌లోనే చోటుంది. ‘గుర్రాలు, గుర్రాన్ని, గుర్రాలకు’ వంటి రూపాలను తెలుగు వ్యాకరణం తెలిసినవారెవరైనా అందులో చేర్చిపెడితే, వచనం చదివేవారి శ్రమ చాలావరకు తీరుతుంది.