ఇంట్లో పోసిన ‘సీసం’ డౌన్‌రిగ్గర్ గుండ్లు కొంటున్నారా? డబ్బులిచ్చే ముందు టేపు పెట్టి కొలవండి

లేక్ మిషిగన్ మీద సాల్మన్ ట్రోలింగ్‌కి (పడవ నడుపుతూ వెనక గాలాలు లాక్కెళ్లి సాల్మన్ చేపల్ని పట్టడం) వెళ్లే మనవాళ్లు ఈమధ్య బాగానే పెరిగారు, గ్రాండ్ హేవెన్, మస్కీగన్, లడింగ్టన్ రేవుల్లో తెల్లవారుజామున పడవ దింపుతుంటే పక్కనుంచి తెలుగు వినపడుతోంది. అందుకే ఇది తెలుగులో రాస్తున్నా. పాత సామాన్ల ప్రకటనల్లో "చేత్తో పోసిన సీసం గుండు, 12 పౌండ్లు, షాపు ధరలో సగం" అని ఆకుపచ్చ రబ్బరు పూతతో కనిపిస్తున్నవి ఉన్నాయే, వాటి జోలికి పోకండి. నేను నాలుగు కొన్నాను. నాలుగూ దొంగ సరుకే.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. డౌన్‌రిగ్గర్ అంటే పడవ వెనక అంచున బిగించే చర్ఖీ. దాని స్టీలు వైరు చివర బరువైన గుండు వేలాడుతుంది, మన గాలం దారాన్ని క్లిప్పుతో ఆ వైరుకి తగిలించి కావాల్సిన లోతుకి దించుతాం, చేప లాగగానే క్లిప్పు వదిలేస్తుంది. వేసవిలో సాల్మన్ పైనీళ్లలో ఉండదు, 50-55 ఫారెన్‌హీట్ చల్లదనం వెతుక్కుంటూ కిందికి పోతుంది, జులై, ఆగస్టుల్లో 60 నుంచి 100 అడుగుల లోతు మామూలే. అసలు ఈ సరస్సులోకి 1966లో కోహో, 1967లో చినూక్ అనే సాల్మన్ రకాల్ని (చినూక్‌ని ఇక్కడంతా కింగ్ అంటారు) మిషిగన్ ప్రభుత్వం వదలడానికి ఒక కారణం ఏల్‌వైఫ్ అనే చిన్న చేప విపరీతంగా పెరిగిపోవడం. కింగ్‌కి అదే మేత, ఏల్‌వైఫ్ ఏ లోతులో ఉంటే కింగ్ ఆ లోతుకే వస్తుంది. మన గుండు సరిగ్గా ఎక్కడుందో తెలియకపోతే రోజంతా పెట్రోలు తగలేసుకోవడం తప్ప ఇంకేం లేదు.

మాకు జరిగింది అదే. ఫిష్ ఫైండర్‌లో 80 అడుగుల దగ్గర చేపలు స్పష్టంగా కనిపిస్తున్నాయి, వైరు ఎంత దిగిందో చూపే కౌంటరు మీద 80 వదిలాం, పడవ గంటకి రెండున్నర మైళ్ల వేగంతో పోతోంది, ఒక్క లాగుడు లేదు. పక్క పడవల వాళ్లు మాత్రం చేప మీద చేప ఎత్తుకుంటున్నారు. అప్పుడు వైర్ల వంక చూస్తే విషయం తెలిసింది. ఎడమవైపు నా పాత షాపు గుండు, అదీ 12 పౌండ్లే, దాని వైరు దాదాపు నిటారుగా దిగుతోంది. కుడివైపు కొత్త గుండు వైరు బాగా వెనక్కి వాలిపోయింది. వైరు 30 డిగ్రీలు వాలిందనుకోండి, 80 అడుగులు వదిలినా గుండు 70 దగ్గరే ఆగిపోతుంది. చేప కింద, మన ఎర పదడుగులు పైన. ఇంక పడేదేంటి?

ఇంతవరకైతే ఊరుకునేవాడినేమో. పైకి లాగి గుండుని లోపలికి తీసుకుంటుంటే వైరు తగిలించే రింగు బోల్టు మా బావమరిది చేతిలో ఉండిపోయింది, గుండు ఊడి పడవలో పడింది, అతని కాలికి జానెడు దూరంలో. ఫైబర్‌గ్లాస్ నేల చిట్లింది. ఊడిన బోల్టు చూస్తే వేలెడంత పొడుగుంది, నిటారుగా ఉంది, అడుగున నట్టు లేదు, వాషర్ లేదు, కనీసం కొస వంచను కూడా వంచలేదు. పద్ధతిగా పోసేవాళ్లు స్టెయిన్‌లెస్ కడ్డీని కింద కొక్కెంలా వంచి గుండు మధ్యదాకా దించుతారు, లేదంటే పొడుగాటి రింగు బోల్టు అడుగున నట్టు, వాషర్ బిగించి దాని చుట్టూ లోహం పోస్తారు. అప్పుడు ఎంత లాగినా బయటికి రాదు. మాకు అమ్మినవాడు లోహం గట్టిపడుతుండగా పైనుంచి గుచ్చి వదిలేసినట్టున్నాడు.

ఇంటికొచ్చాక ఇంకో గుండుకి పూత ఒలిచి హ్యాక్‌సా పెట్టాను. సీసమైతే రంపం మెత్తగా దిగిపోవాలి, ఇది కిర్రుకిర్రుమంటూ పళ్లు జారింది. ఎలాగో రెండు ముక్కలు చేసి చూస్తే లోపల కారు చక్రాలకి బ్యాలెన్సింగ్ కోసం కొట్టే బరువులు కరగకుండా అలాగే ఉన్నాయి, వాటి స్టీలు క్లిప్పులతో సహా. ఒకదాని మీద జెడ్, ఎన్ అని జింకు గుర్తు చదువుకునేంత స్పష్టంగా ఉంది. మధ్యలో బొటనవేలు పట్టేంత గాలి ఖాళీలు. సీసం 327 డిగ్రీల సెల్సియస్‌కే కరుగుతుంది, జింకుకి 419 కావాలి. ఒకప్పుడు టైర్ల షాపులో ఇలాంటి పాత బరువులు ఒక బకెట్టు తెచ్చుకుంటే చాలావరకు సీసమే దొరికేది, ఇప్పుడు సీసం, జింకు, ఉక్కు అన్నీ కలిసే ఉంటాయి. వాటిని ఏరకుండా అచ్చులో పడేసి, పైనుంచి కాస్త సీసం పోసి, రబ్బరులో ముంచి అమ్ముతున్నాడు. ఆ పూత గుండు మీద గీతలు పడకుండా అని ప్రకటనలో రాశాడు, అసలు పని అది కాదని కోసి చూస్తేగానీ తెలియదు.

అమ్మినవాడికి మెసేజ్ పెడితే వచ్చిన జవాబు వినండి: "12 పౌండ్లు అన్నాను, తూచుకో, 12 ఉందా లేదా?" ఉంది మరి! మోసమంతా అక్కడే. సీసం ఘన సెంటీమీటరుకి 11.3 గ్రాములు తూగుతుంది, జింకు, పోత ఇనుము ఏడు పైచిలుకు. అదే 12 పౌండ్లకి గుండు లావైపోతుంది, లావైన కొద్దీ నీళ్లు వెనక్కి నెడతాయి. ప్రకటనలో సీసం అని ఉంది కదా అన్న రెండో మెసేజ్‌కి జవాబు లేదు, బ్లాక్ చేసేశాడు. డబ్బు ఫోన్‌లో నేరుగా పంపాం కాబట్టి అది తిరిగొచ్చే దారీ లేదు. ఆ ప్రకటన కొత్త ఫొటోలతో మళ్లీ కనిపిస్తోంది, ఈసారి పూత నారింజ రంగు.

కాబట్టి సరుకు చూడ్డానికి వెళ్లినప్పుడు కుట్టుపని టేపు ఒకటి జేబులో వేసుకోండి. గుండు వెనక ఉండే రెక్కని వదిలేసి దాని నడుము చుట్టూ కొలవండి. 12 పౌండ్ల అసలు సీసం గుండు చుట్టుకొలత దాదాపు 12 అంగుళాలు, గుర్తుపెట్టుకోవడం తేలిక. 10 పౌండ్లదైతే 11 అంగుళాల పైన కొంచెం. పూతకి ఒక అర అంగుళం వదిలేయండి. నాకు అంటగట్టినవి 14 దాటాయి. చేప ఆకారంలోనో, అప్పడంలా బల్లపరుపుగానో ఉన్నవాటికి టేపు పనికిరాదు. వాటికి మనందరి ఇళ్లలో ఉండేదే, ఇండియా వెళ్లేటప్పుడు సూట్‌కేసులు తూచే తక్కెడ, దానికి వేలాడదీసి ఒకసారి గాల్లో, ఒకసారి నిండా బకెట్టు నీళ్లలో మునిగేలా తూచండి. గాల్లో 5.44 కిలోలున్న సీసం నీళ్లలో 4.96 దగ్గర చూపించాలి. 4.7కి పడిపోయిందంటే అది జింకో ఇనుమో, ఇంకా తగ్గిందంటే లోపల ఖాళీ ఉన్నట్టు. బకెట్టు తెమ్మంటే అమ్మేవాడు విసుక్కున్నాడా, తిరిగొచ్చేయండి. అయస్కాంతాన్ని మాత్రం నమ్ముకోవద్దు, జింకుకి కూడా అది అంటదు. రింగు దగ్గర పూత కొంచెం గీకనిస్తే చాకు మొన పెట్టి చూడండి, సీసమైతే మెత్తగా గీరుకుని కింద తళతళలాడుతుంది.

ఇదంతా ఎందుకు, మనమే పోసుకుందాం అనేవాళ్లకి కూడా ఒక మాట. ఇదే మనిషి ‘శుభ్రం చేసిన సీసం దిమ్మెలు’, అల్యూమినియం అచ్చు కలిపి సెట్టుగా అమ్ముతున్నాడు. తెలిసిన మిత్రుడొకాయన తీసుకుని కరిగిస్తే పైన తేట తేలకుండా ఉప్మాలా ముద్దముద్దగా తయారైంది, జింకు కలిసిన సీసానికి అదే లక్షణం. అచ్చు నిండదు, అంచులు విరుగుతాయి, ఇక ఆ గిన్నెడు సరుకూ దండగ. పాత కారు బ్యాటరీల సీసం ఎవరైనా చవగ్గా ఇస్తామన్నా వద్దు, ఆమ్లంతో పాటు ఆర్సెనిక్, యాంటిమొనీ ఉంటాయి, వాటి తెట్టుకి తేమ తగిలితే విషవాయువులు పుడతాయి. ఇక నీళ్ల సంగతి. కరిగిన సీసం కిందికి ఒక్క చుక్క చేరినా అది ఆవిరై 1,600 రెట్లకు పైగా వ్యాకోచిస్తుంది, సీసం మొత్తం పైకి చిమ్ముతుంది, మొహానికే. అందుకే సరిగ్గా ఆరని ప్లాస్టర్ అచ్చు, సిమెంటు అచ్చు, చన్నీటిలో కడిగిన గరిటె, ఏదీ పనికిరాదు, అచ్చుని ముందే వేడి చేసుకోవాలి.

అపార్ట్‌మెంటు వంటింట్లో, పిల్లలున్న గరాజ్‌లో అయితే అసలు ఆలోచనే పెట్టుకోవద్దు. పొగ కన్నా పైన తీసేసే తెట్టు, దాని దుమ్ము ఎక్కువ ప్రమాదం, బట్టలకి, చెప్పులకి అంటుకుని కార్పెట్‌లోకి వచ్చేస్తుంది, పాకే పిల్లల నోట్లోకి పోతుంది. పిల్లల రక్తంలో డెసిలీటరుకి 3.5 మైక్రోగ్రాములు దాటితే జాగ్రత్త పడాలని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2021 నుంచి చెబుతోంది. ఫ్లింట్ ఊళ్లో కుళాయి నీళ్లలో సీసం కలిసిన గొడవ చూసిన మిషిగన్ వాళ్లకి సీసం గురించి ఇంతకన్నా చెప్పాలా? సీసానికి వాడిన గిన్నెలో మళ్లీ పులుసు పెట్టకూడదన్నది వేరే చెప్పక్కర్లేదనుకుంటా, కానీ కడిగి వాడొచ్చు కదా అని అడిగినవాళ్లు ఉన్నారు!

నేనైతే ఈ సీజన్‌కి షాపులో కొత్తవే తీసుకున్నా. వాడేసినవి కావాలంటే పడవ అమ్మేస్తున్న పాత జాలర్ల దగ్గర చూడండి, పూత ఊడి, నల్లబడి, గీతలు పడి ఉన్నా పర్లేదు, చుట్టుకొలత సరిపోయి రింగు కదలకుండా ఉంటే చాలు. ఇప్పటికే ఆ ఆకుపచ్చవి కొన్నవాళ్లుంటే వైరుకి తగిలించే ముందు రింగుని పట్టుకారుతో గట్టిగా తిప్పి లాగి చూడండి. పనికిరానివి సరస్సులో పడేయకండి, చెత్తబుట్టలో కూడా వేయకండి, స్క్రాప్ యార్డులో ఇచ్చేటప్పుడు మాత్రం కలగలుపు లోహమని చెప్పి ఇవ్వండి.